పాలకూర పచ్చగానే ఉంది, మరి విషం ఎక్కడ?

ప్రశ్న: "నమస్తే సార్. మాది ఘట్‌కేసర్ దిక్కు, మూసీ ఒడ్డున ఊరు. పది గుంటలు కౌలుకు తీసుకుని పాలకూర, తోటకూర, కొత్తిమీర వేస్తాం. నీళ్లు మూసీ కాలువవే. ఆరేళ్ల నుంచి పంట మంచిగనే వస్తోంది, ఎరువు కూడా పెద్దగా పెట్టేది లేదు. మొన్న సంతలో ఒకామె కట్ట చేతిలోకి తీసుకుని, 'ఇది మూసీ కూరనా?' అని అడిగి మళ్లా కిందపెట్టి పోయింది. ఆ నీళ్లల్ల సీసం, కాడ్మియం ఉంటాయట. నిజంగా విషం ఉంటే ముందు మొక్క చావాలి కదా సార్? మా పాలకూర అరచెయ్యంత ఆకు వేస్తోంది. మా మరిదేమో పొద్దుతిరుగుడో, ఆవాలో ఒక్క పంట వేస్తే భూమిలో ఉన్న విషమంతా గుంజేస్తది అంటున్నడు. చెప్తే నవ్వుతారేమో, ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లోకి ఆకుకూర బయట కొంటున్నం. ఏం చేయమంటారు?"
(పేరు వేయొద్దన్నారు, మేడ్చల్ జిల్లా)

జవాబు:

అమ్మా, నవ్వను. ఇంట్లోకి బయట కొంటున్నామని రాశారు చూడండి, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అదే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మీ అసలు ప్రశ్న.

విషం ఉంటే మొక్క ముందు చావాలి కదా అన్నారు. కొన్ని లోహాల విషయంలో మీ మాట అక్షరాలా నిజం. రాగి, జింకు, నికెల్ నేలలో హద్దు మీరితే మనిషికి కీడు చేసేంత ఆకులో చేరకముందే మొక్క పసుపెక్కి గిడసబారిపోతుంది. పంటే చేతికి రాదు, ఇక తినేదెక్కడ. సీసం, నేలలో ఎక్కువగా కనిపించే రకం క్రోమియం ఇంకో తీరు. అవి వేరు దగ్గరే చాలామటుకు ఇరుక్కుపోతాయి, పైకి ఎక్కేది తక్కువ. అమెరికా వ్యవసాయ శాఖలో జీవితమంతా ఈ పనే చేసిన రూఫస్ చేనీ 1980లో ఈ సంగతిని నేలకీ మొక్కకీ మధ్య ఒక అడ్డుగోడ ఉన్నట్టుగా వివరించాడు. చాలా లోహాల నుంచి ఆ గోడ మనల్ని కాపాడుతుంది. అయితే గోడకు ఒక కంత ఉంది. దాని పేరు కాడ్మియం. మొక్కకు ఏ ఇబ్బందీ కనిపించనంత కొద్ది మోతాదులోనే అది ఆకులోకి చేరుతుంది. తినేవాళ్లకు ఏళ్ల తరబడి అది చేటు చేస్తుంది.

కాబట్టి 'మూసీ నీళ్లలో లోహాలుంటాయి' అని ఎవరైనా అంటే మీరు వెంటనే అడగాల్సింది, ఏ లోహం అని.

ఇప్పుడు మొక్క ఎలా తట్టుకుంటుందో చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి, మీరు ఏ పంట వేయాలో తేలేది ఇక్కడే.

వేరుకు కళ్లుండవు. దానికి కావాల్సిన ఇనుము, జింకు, మాంగనీసు లోపలికి రావడానికి వేరు కణాల పైపొరలో తలుపుల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. కాడ్మియం సైజులో, విద్యుదావేశంలో వాటికి దగ్గరగా ఉంటుంది. పెళ్లికి పిలవని పేరంటం లాగా వాటితోపాటే అదే తలుపులో దూరిపోతుంది. వరిలో ఎక్కువగా మాంగనీసు తలుపు గుండా వస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు కోషిహికారి అనే తమ వరి రకం విత్తనాల మీద అయాన్ కిరణాలు పంపి, ఆ తలుపు పనిచేయని మొక్కల్ని ఏరి, గింజలోకి కాడ్మియం దాదాపుగా చేరని వరిని తయారుచేశారు. 2012లో ఆ సంగతి బయటపెట్టారు. ఒక్క తలుపు మూస్తే ఎంత తేడా వస్తుందో చూడండి. ఆర్సెనిక్ అనే ఇంకో విషానికి వేరే తలుపులున్నాయి. ఒక రూపంలో భాస్వరం తలుపులో, నీళ్లు నిలిచిన వరి మడిలోనైతే ఇంకో రూపంలో సిలికాన్ తలుపులో దూరుతుంది.

నేలలో ఇనుము అందనప్పుడు మొక్క ఇంకా ఎక్కువ తలుపులు తెరుచుకుంటుంది, ఆకలి కదా. అప్పుడు కాడ్మియం కూడా ఎక్కువ వస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మన ఒంటి విషయంలోనూ పనికొస్తుంది.

లోపలికి వచ్చినదాన్ని మొక్క ఊరికే వదిలేయదు. మొదటి పట్టు కణం గోడలోనే. అక్కడి పెక్టిన్ అనే పదార్థం లోహాన్ని జిగురులా పట్టేస్తుంది, సీసంలో ఎక్కువ వంతు చిక్కుకునేది ఇక్కడే. కొన్ని మొక్కల వేర్లు ఆమ్లాలు వదిలి బయటి మట్టిలోనే కొన్ని లోహాల్ని కట్టేస్తాయి. అల్యూమినియంని తట్టుకునే గోధుమ రకాలు చేసే పని అదే. ఇవన్నీ దాటుకుని కణం లోపలికి వచ్చిన కాడ్మియం కోసం మొక్క ప్రత్యేకంగా సంకెళ్లు తయారుచేస్తుంది. వాటి పేరు ఫైటోకెలాటిన్లు. గంధకం ఉన్న చిన్న చిన్న గొలుసులు అవి. కాడ్మియానికి గంధకమంటే విడవలేని మక్కువ, పోయి అతుక్కుంటుంది. ఈ గొలుసుల్ని అల్లే ఎంజైమ్ కణంలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, లోహం తగలగానే పని మొదలుపెడుతుంది.

వీటిని 1985లో జర్మనీలో గ్రిల్, విన్నాకర్, జెంక్ అనే ముగ్గురు కనిపెట్టారు. ఏ మొక్కలో అనుకున్నారు? సర్పగంధి. మన దగ్గర తరతరాలుగా మందుగా తెలిసిన ఆ మొక్క కణాల్ని గాజు కుప్పెల్లో పెంచి, కాడ్మియం కలిపి చూశారు. నాకు ఈ ముక్క ఎక్కడ చెప్పే అవకాశం దొరికినా వదలను.

సంకెళ్లు వేశాక ఖైదీని ఎక్కడో ఒకచోట ఉంచాలి. మనింట్లో పారేయలేని, వాడుకోలేని సామాను ఏం చేస్తాం? అటక ఎక్కిస్తాం. మొక్క కణంలో కూడా ఒక అటక ఉంది, పాఠ్యపుస్తకాల్లో దాన్ని రిక్తిక అంటారు. ఎదిగిన ఆకు కణంలో సింహభాగం ఆ నీటి సంచే. సంకెళ్లు వేసిన కాడ్మియాన్ని మొక్క అందులోకి తోసి తలుపేసుకుంటుంది. ఇక పచ్చదనం తయారయ్యే చోటికి, ప్రాణం నడిచే చోటికి అది రాదు. మొక్క హాయిగా ఎదుగుతుంది.

ఇప్పుడు ఆలోచించండి, అమ్మా. మొక్క చావకపోవడానికి కారణం విషం లేకపోవడమే కానక్కర్లేదు. దాన్ని పొందికగా దాచుకోవడం వల్ల కూడా కావచ్చు. పాలకూర విషయంలో ఆ దాచుకున్న చోటు ఆకు. మనం వండుకునేది ఆ ఆకునే. కొడవలితో కోసి, కట్ట కట్టి, పప్పులో వేసేది మొక్క అటకనే.

అలాగని ఈ తట్టుకోవడం ఉచితంగా జరిగే పని కాదు. సంకెళ్లకు గంధకం, నత్రజని, శక్తి ఖర్చవుతాయి. మోతాదు పెరిగితే మొక్క చేతులెత్తేస్తుంది. చదువుకునే రోజుల్లో నేను గాజు సీసాల్లో ఆవ మొలకల్ని నీళ్లలో పెంచాను. సగం సీసాల్లో కాడ్మియం, సగం సీసాల్లో ఏమీ కలపలేదు. మూడు రోజుల దాకా పైన చూస్తే రెండూ ఒకటే. సీసా ఎత్తి కిందికి చూస్తే మాత్రం తేడా తెలిసింది. మంచి నీళ్ల వేర్లు తెల్లగా, సన్నగా, దూదిపోగుల్లాంటి నూగుతో ఉన్నాయి. కాడ్మియం వేర్లు పొట్టిగా, మందంగా, టీ డికాక్షన్‌లో ముంచినట్టు గోధుమ రంగులో ఉన్నాయి, నూగు లేదు. వారం దాటాక లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా, మధ్యలో పసుపుగా మారాయి. ఆ ఆకులు పట్టుకుపోయి మా సార్‌కి చూపిస్తే, 'ఇనుము లోపం, అన్నభేది కొట్టు' అన్నారు. కాడ్మియం కలిపానని చెప్పేదాకా ఆయనకీ తెలియలేదు. ఇనుము తలుపు దగ్గర కాడ్మియం తొక్కిసలాట చేస్తే ఇనుము అందక వచ్చిన పసుపు అది, ఆయన మరీ తప్పు చెప్పలేదు.

మీరూ ఒక పాలకూర మొక్క పీకి, మట్టి కడిగి వేరు చూడండి. గోధుమ రంగు పొట్టి వేర్లుంటే ఏదో తేడా ఉందని అర్థం. అది లోహమే కానక్కర్లేదు, నీళ్లు నిలిచి కుళ్లినా అలాగే ఉంటుంది. తెల్లటి మంచి వేర్లుంటే మాత్రం అంతా బాగుందని అనుకోకండి. నా సీసాల్లో వాడిన మోతాదు పొలంలో ఉండేదానికంటే చాలా ఎక్కువ. పొలంలో ఉండే కొద్దిపాటి కాడ్మియానికి మొక్క మొహంలో ఏ మార్పూ కనిపించదు.

ఇక మనిషి సంగతి. జపాన్‌లో తొయామా ప్రాంతంలో జింజూ అనే నది ఉంది. ఎగువన కమియోకా గని నుంచి కాడ్మియం ఆ నీళ్లలో కలిసేది, కింద వరి మడులకు అవే నీళ్లు. ఏళ్ల తరబడి ఆ అన్నం తిన్నవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిని, ఎముకలు గుల్లబారి, కొంచెం కదిలినా విరిగేవి. ఆ జబ్బు పేరే 'ఇతాయ్ ఇతాయ్', అంటే 'అబ్బా నొప్పి, అబ్బా నొప్పి' అని. 1968లో అక్కడి ప్రభుత్వం అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బని ఒప్పుకుంది. జబ్బుపడ్డవాళ్లలో ఎక్కువమంది నడివయసు దాటిన, చాలా కాన్పులైన ఆడవాళ్లు. ఎందుకని? ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికే వస్తుంది. మన పేగుల్లోనూ ఇనుముకు తలుపులున్నాయి. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగు ఎక్కువ తలుపులు తెరుస్తుంది, కాడ్మియం కూడా ఎక్కువ లోపలికి వస్తుంది. ఒకసారి మూత్రపిండంలో చేరితే దానిలో సగం బయటికి పోవడానికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. మీ మూసీ ఒడ్డు జింజూ ఒడ్డు అని నేను అనడం లేదు, అక్కడ గని ఉంది, మూడు పూటలా అదే అన్నం. మీ ఇంట్లో ఆడవాళ్లకు రక్తహీనత ఉంటే దానికి మందు వాడటం ఈ లెక్కలోకి కూడా వస్తుందని చెప్తున్నాను, అంతే.

అన్నట్టు, మీ ఇంట్లో ఎవరికైనా బీడీ, సిగరెట్ అలవాటు ఉందా? పొగాకు మొక్క కాడ్మియాన్ని ఆకులోనే దాచుకునే రకం. పొగ తాగేవాళ్ల ఒంట్లో కాడ్మియం తాగనివాళ్లకంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. సంతలో మూసీ కూర వద్దని బయటికొచ్చి బీడీ ముట్టించేవాళ్లు కూడా ఉంటారు.

మీ పొలం సంగతికి వస్తే, మీ నీళ్లలో నగరం మురుగు ఉంది, ఫ్యాక్టరీల నుంచి వచ్చేది ఉంది. ఎరువు పెద్దగా పెట్టకుండానే అరచెయ్యంత ఆకు రావడానికి కారణం ఆ మురుగులోని నత్రజని, భాస్వరం. అంటే ఆకు సైజు మీకు చెప్తున్నది తిండి బాగా దొరుకుతోందని మాత్రమే. లోహం గురించి అది ఏమీ చెప్పదు. ఇందులో మీకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. మురుగునీళ్లతో తడిసే నేలలో సేంద్రియ పదార్థం ఎక్కువ, నేల కూడా సాధారణంగా క్షార స్వభావంతో ఉంటుంది. ఈ రెండూ కాడ్మియాన్ని మట్టికి కట్టిపడేస్తాయి. నేల పులిసిందా, అంటే ఆమ్ల స్వభావం వచ్చిందా, కాడ్మియం వదులై మొక్కకు సులువుగా అందుతుంది. అందుకే మట్టిలో ఎంతుందో చూసి ఆకులో ఎంతుంటుందో చెప్పలేం. పరీక్ష చేయించాల్సింది ఆకుకే.

మామూలు భూసార పరీక్షలో ఇవి రావు. అక్కడ నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక (నేల పులిసిందా, క్షారంగా ఉందా చెప్పే అంకె) చూస్తారు. మీరు ప్రత్యేకంగా 'కాడ్మియం, సీసం చూడాలి' అని అడగాలి. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గానీ, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ ముందు అడిగి చూడండి. లేదంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌లు చేస్తాయి. ఖర్చు అవుతుంది, ఒక్కరే పెట్టుకోకండి. అదే కాలువ కింద ఉన్న నలుగురైదుగురు రైతులు కలిసి ఒకటి రెండు నమూనాలు చేయించుకున్నా దారి తెలుస్తుంది.

ఆకు నమూనా ఇలా తీయండి. మడిలో పదిచోట్ల నుంచి, సంతకు ఎలా కోస్తారో అలాగే కోయండి. కూర వండటానికి కడిగినట్టే కడగండి, అంతకంటే ఎక్కువ వద్దు, తక్కువా వద్దు. నీడన తడి ఆర్చి కొత్త ప్లాస్టిక్ కవర్లో వేసి అదే రోజు ఇచ్చేయండి. మట్టి కూడా ఇస్తే మంచిది. ఎనిమిది పది చోట్ల జానెడు లోతు గుంట తీసి, పక్కల నుంచి మట్టి గీకి, అంతా కలిపి అరకిలో ఇవ్వండి. తుప్పు పట్టిన పారతో, జింకు పూత బకెట్‌తో తీయకండి, ఆ లోహం మట్టిలో కలిసి లెక్క తప్పుతుంది. నీళ్ల కంటే కాలువ అడుగున పేరుకున్న బురద పరీక్ష చేయిస్తే ఎక్కువ తెలుస్తుంది. నీళ్లు పొద్దునొకలా సాయంత్రమొకలా ఉంటాయి, బురద అన్నీ దాచుకుంటుంది.

ఇక మీ మరిది మాట. ఆయన ఎక్కడో నిజం విన్నారు, సగం విన్నారు. లోహాన్ని విపరీతంగా పోగేసుకునే మొక్కలు నిజంగా ఉన్నాయి. న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టుకు గాటు పెడితే నీలం పచ్చ రంగు పాలు కారతాయి, అవి ఎండితే బరువులో నాలుగో వంతు దాకా నికెలే. ఆర్సెనిక్‌ని పోగేసుకునే ఒక ఫెర్న్ మొక్క గురించి ఫ్లోరిడా శాస్త్రవేత్తలు 2001లో చెప్పారు. చెక్కకు పురుగు పట్టకుండా మందు పట్టించిన చోట, ఆ ఆర్సెనిక్ నిండిన నేలలో అది ఏపుగా పెరుగుతూ దొరికింది. ఆవాలు కూడా లోహాన్ని కొంత పైకి తెస్తాయి, అందుకే పరిశోధనల్లో వాటి పేరు వినపడుతుంది.

కానీ లెక్క వేద్దాం. మీ పది గుంటల్లో జానెడు లోతు మట్టి సుమారు 260 టన్నులు. ఉదాహరణకు అందులో కిలోకు 2 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకోండి, మొత్తం అర కిలో పైచిలుకు. ఆవ పంట బాగా వచ్చి, ఎండిన మొక్క ఒక టన్ను తూగి, అందులో కిలోకు 10 మిల్లీగ్రాములు చేరిందనుకుందాం, అది ఉదారంగా వేసిన లెక్కే. ఒక పంటకు బయటికి వచ్చేది 10 గ్రాములు. సగం తీయాలంటే ఇరవై ఆరు పంటలు. ఈలోపు కాలువ మళ్లీ కొత్తది తెచ్చి పోస్తూనే ఉంటుంది. పైగా ఆ పీకిన టన్ను మొక్కను ఏం చేస్తారు? తగలబెడితే బూడిదలో, పొగలో ఉంటుంది. పశువులకు వేస్తే వాటి కాలేయంలో, మూత్రపిండాల్లో చేరుతుంది. ఎరువు చేస్తే మళ్లీ మీ మడిలోకే. కౌలు నేల మీద ఇరవై ఆరు పంటలు పణంగా పెట్టమని నేను చెప్పలేను.

దీనికి తోడు ఇంకో జాగ్రత్త. మూసీలో గుర్రపు డెక్క దండిగా ఉంటుంది, దాన్ని లాగి కంపోస్టు చేసుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నీళ్లలోని లోహాల్ని బాగా పీల్చే మొక్క అది. మూసీ గుర్రపు డెక్క కంపోస్టు కూర మడిలో వేయకండి.

వట్టివేళ్ల మొక్క మాత్రం మీ కాలువ గట్టున నాటుకోండి. సీసం లాంటి లోహాల్ని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ భాగం వేరులోనే ఆపుకుంటుంది, గట్టు కోసుకుపోకుండా పట్టుకుంటుంది. బురద మడిలోకి కొట్టుకురావడం తగ్గుతుంది. ఆ వేళ్లను మాత్రం షర్బత్‌కో, మంచినీళ్ల కుండలో వేయడానికో అమ్మకండి.

సరే, ఏం వేయాలి? మొక్క ఎక్కడ దాచుకుంటుందో చూశాం కదా, పంట ఎంపిక అక్కడి నుంచే. వేరు నుంచి నీళ్లు సూటిగా ఆకులోకి పోతాయి. కాయలోకి, గింజలోకి వెళ్లాలంటే ఇంకో రెండు మూడు గేట్లు దాటాలి. అందుకే ఆకుకూరలు, దుంపల కంటే కాయలు మేలు. ఆకుకూరల్లో పాలకూర కాడ్మియానికి పేరుమోసింది, తోటకూర కూడా తక్కువది కాదు. బీర, సొర, చిక్కుడు లాంటివి చాలా తక్కువ తీసుకుంటాయి. పందిరి మీద కాయడం వల్ల బురద చిందదు, అది ఇంకో లాభం. వంకాయ కాయే గానీ కొంచెం ఎక్కువ తీసుకునే రకం. అయితే ఉస్తికాయ మొక్క వేరు మీద అంటు కట్టిన వంగలో కాయలోకి చేరే కాడ్మియం బాగా తగ్గిందని జపాన్‌లో చూశారు. ఉస్తికాయ వేరు దాన్ని పైకి పోనివ్వదు. మీకు అంటు వంగ నారు దొరికితే వేరు మొక్క ఏదో అడిగి తీసుకోండి.

అన్నిటికంటే నిశ్చింత పూలు. బంతి, చామంతి ఎవరూ తినరు. పూలు అమ్ముకోవడానికి హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ మార్కెట్ ఉంది. పాలకూర నెల తిరక్కుండా చేతికి డబ్బులిస్తుంది, బంతి పూయడానికి రెండు నెలలు కావాలి, ఆ మధ్యలో ఇల్లు ఎలా గడవాలన్న టెన్షన్ నాకు తెలుసు. అందుకే పది గుంటలూ ఒక్కసారే మార్చకండి. నాలుగు గుంటల్లో బంతి, మూడు గుంటల్లో పందిరి వేసి బీర పెట్టండి. మిగిలిన మూడు గుంటల కొత్తిమీర, తోటకూర సంగతి రిపోర్టు వచ్చాక తేల్చుకుందాం, దానికి రెండు వారాలు చాలు. పాలకూర ఇప్పుడే ఆపేయమంటాను. నేనైతే ఆపేస్తాను.

సున్నం వేస్తే కాడ్మియం తగ్గుతుందని కూడా ఎవరో చెప్తారు. పులిసిన నేలలో నిజమే. మీ నేల ఇప్పటికే క్షారంగా ఉంటే సున్నం వల్ల ఇనుము, జింకు అందక మొక్కే ఇబ్బంది పడుతుంది, మళ్లీ ఆ ఇనుము తలుపు గొడవ. ఉదజని సూచిక చూడకుండా సున్నం బస్తా విప్పొద్దు. జింకు లోపం ఉందని పరీక్షలో వస్తే మాత్రం జింక్ సల్ఫేట్ వేయండి, తలుపు దగ్గర జింకు ఉంటే కాడ్మియానికి చోటు తగ్గుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు ఎప్పుడూ మంచిదే.

కడగడం గురించి ఒక మాట. సీసం ఆకు లోపలికి తక్కువే ఎక్కినా, దుమ్ముగా, బురదగా ఆకు మీద కూర్చుంటుంది. అది కడిగితే చాలావరకు పోతుంది. మట్టి అంటిన కింది ఆకులు తీసేసి, వేరు కోసేసి, మూడు నీళ్లు మార్చి కడగాలి. ఆ మూడు నీళ్లూ మూసీవి కాకూడదు. కట్టలు తాజాగా కనిపించాలని కాలువలోనే ముంచి సంతకు తేవడం చాలామంది చేస్తారు, అది మానండి. కాడ్మియం మాత్రం లోపల ఉంటుంది, కడిగినా పోదు, ఉడికించినా పోదు. అది పురుగో క్రిమో కాదు చావడానికి, మూలకం. మడిలో ఆడుకునే పిల్లలుంటే అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడిగించండి, సీసం పిల్లల మెదడుకు చేటు. మీరు మడిలో దిగేటప్పుడు బూట్లు వేసుకోండి. మురుగునీళ్ల మడిలో లోహాల కంటే ముందు పట్టుకునేవి కొంకిపురుగులు, ఒట్టి కాళ్ల నుంచే ఎక్కుతాయి. అవి రక్తం తాగి రక్తహీనత తెస్తాయి, తర్వాత ఏమవుతుందో పైన చెప్పాను.

ఇప్పుడు మీ ఆ వాక్యం. ఇంట్లోకి బయట కొంటున్నామన్నారు. మీ ఒడ్డున కూర పండించేవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు, మీరు సంతలో కొన్న కట్ట కూడా ఇదే కాలువ కింద, ఇంకో ఊళ్లో పండిందై ఉండొచ్చు. మీ ఇంటి కోసమే అయితే పెరట్లో రెండు కుండీలు పెట్టి, కొత్త మట్టి, పశువుల ఎరువు కలిపి మంచినీళ్లతో తోటకూర వేసుకోండి. పది గుంటల కూర గురించి మీకు ఇప్పటికే అనుమానం ఉంది, ఆ అనుమానం తీరేదాకా మీ పిల్లలకు పెట్టని కట్టను ఇంకొకరి పిల్లలకు అమ్మడం మీకు కూడా నచ్చడం లేదనే అనుకుంటున్నాను. నచ్చి ఉంటే ఆ మాట నాకు రాసేవారు కాదు. రిపోర్టు బాగా వస్తే దాన్ని లామినేట్ చేయించి సంతలో బుట్ట పక్కన పెట్టుకోండి. మొన్న కట్ట కిందపెట్టి పోయినామెకు చూపించండి.

రిపోర్టు వచ్చాక నాకు పంపండి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం ఆకుకూరల్లో కాడ్మియం కిలోకు 0.2 మిల్లీగ్రాములు, సీసం (పాలకూర మినహా) 0.3 మిల్లీగ్రాములు దాటకూడదు. అయితే ఇది పచ్చి ఆకు లెక్క. చాలా ల్యాబ్‌లు ఆకును ఎండబెట్టి చూసి ఎండిన లెక్కే రాసిస్తాయి. పాలకూరలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే కాబట్టి ఎండిన లెక్కలో అంకె పది రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఎండిన ఆకులో 1.5 అని ఉంటే పచ్చి ఆకులో అది 0.15 మాత్రమే, హద్దు లోపలే. ఆ అంకె చూసి హడలిపోయి మడి దున్నేసినవాళ్లు నాకు తెలుసు. కాగితం తీసుకునేటప్పుడే, ఇది పచ్చి ఆకు లెక్కా, ఎండిన ఆకు లెక్కా అని అడిగి, దాని మీదే రాయించుకోండి.